కరవది నుంచి శ్రీరంగం దాకా
(నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ గారి జీవితం)

మన సంఘ సభ్యుల ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. పిల్లవాడు చదువు ముగించి హైదరాబాదుకో, బెంగుళూరుకో, గల్ఫు దేశాలకో ప్రయాణం కట్టగానే, పుట్టి పెరిగిన ఊళ్ళో నాలుగు మెతుకులు తినే రాత వీడికి లేకపోయెనే అని పెద్దవాళ్ళు బాధపడతారు. వెళ్ళినవాడు మాత్రం సుఖంగా ఉంటాడా అంటే అదీ లేదు. పండుగకు సెలవు దొరకలేదని, నాన్నమ్మ మయ్యత్తుకు అందుకోలేకపోయానని వాడి బాధ వాడిది. ఊళ్ళోనే ఉండిపోయినవాడేమో, వెళ్ళినవాళ్ళను చూసి నేనూ వెళ్ళి ఉంటే బాగుపడేవాణ్ణి కదా అనుకుంటాడు. మొత్తానికి ఎవరికీ తృప్తి లేదు.

ఎక్కడ ఉండాలో ఎంచుకునే వీలు మనిషి చేతిలోనే ఉంటే, అతను పెరిగిన ఊళ్ళోనే ఉంటాడా? ఈ ప్రశ్నకు వాదోపవాదాల కంటే ఒక మంచి జీవితం చూపించడం మేలని, మన జిల్లాల్లో పుట్టి, మన ఇళ్ళల్లో ఒక ఇంట్లో పెరిగి, దక్షిణ దేశమంతా ఖ్యాతి గడించిన షేక్ చినమౌలానా సాహెబ్ గారి చరిత్రను ఈ సంచికలో మీ ముందు ఉంచుతున్నాను. వారు సొంత ఊరు విడిచి వెళ్ళినవారు. ఎందుకు వెళ్ళారు, వెళ్ళి ఏం చేశారు, ఊరికి ఏం మిగిలింది అన్నది మనం తెలుసుకోదగ్గ విషయం.

పుట్టిన ఇల్లు

ఒంగోలుకు ఉత్తరాన, విజయవాడ – మద్రాసు రైలు మార్గం మీద కరవది అనే ఊరు ఉంది. ఆ ఊళ్ళో 1924 మే 12న మౌలానా సాహెబ్ గారు జన్మించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

వారిది తరతరాలుగా సన్నాయి వాయించే కుటుంబం. కోస్తా జిల్లాల సంగతి తెలియనివారికి ఇది వింతగా తోచవచ్చు గాని, మనకు వింత కాదు. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు, దేవాలయ ఉత్సవాలకూ పెళ్ళిళ్ళకూ మేళం కట్టి జీవనం సాగించాయి. ఊళ్ళో రథం కదలాలన్నా, పెళ్ళిపందిట్లో తాళి కట్టాలన్నా సాయిబుల సన్నాయి మోగాల్సిందే. దీన్ని ఎవరూ పెద్ద విశేషంగా చెప్పుకోలేదు. కుమ్మరి కుండ చేసినట్టు, వడ్రంగి నాగలి చేసినట్టు, వీరు సన్నాయి ఊదారు.

మౌలానా గారికి తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్ గారే. ఆ తరువాత చిలకలూరిపేటకు చెందిన ఆదం సాహెబ్ గారి వద్ద శిక్షణ పొందారు. చిలకలూరిపేట ఆ రోజుల్లో నాదస్వరానికి పెట్టింది పేరు. గట్టి సాధన, కృతుల పాఠం అక్కడ దొరికాయి. అంటే ఒక తెలుగు సన్నాయి విద్వాంసునికి కావలసిన విద్య అంతా ఇంటి నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలోనే ఆయనకు లభించింది. అంతటితో తృప్తిపడి ఉంటే కరవదిలోనే మంచి మేళగాడుగా, నలుగురిలో మర్యాదగా, నిండు జీవితం గడిపేవారు. అలా గడిపినవారు ఎందరో ఉన్నారు, వారిని తక్కువ చేయడానికి లేదు.

తంజావూరు పిలుపు

అయితే ఆ కాలంలో తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారి నాదస్వరం దక్షిణ దేశాన్ని ఊపేస్తున్నది. 1898లో పుట్టి 1956లో కాలం చేసిన ఆ మహా విద్వాంసుని తోడి రాగం గ్రామఫోను ప్లేట్ల మీదుగా, రేడియో మీదుగా ఊరూరికీ పాకింది. మౌలానా గారి మనసు ఆ బాణీ మీద పడింది.

ఇక్కడ వాద్యం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఊరు మారడం ఎందుకో అర్థం కాదు. నాదస్వరానికి పన్నెండు రంధ్రాలుంటాయి. వేళ్ళు ఆడేవి ఏడింటి మీదే. తక్కినవి శ్రుతిని సరిచూసుకునేందుకు కింది భాగాన ఉంటాయి. కాని రాగానికి ప్రాణమైన గమకాలు వేళ్ళ వల్ల మాత్రమే రావు. ఊపిరిని ఎంత బిగించాలి, పెదవితో పీకను ఎంత నొక్కాలి అన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఇది పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. గురువు ఎదుట ఏళ్ళ తరబడి కూర్చొని, ఆయన ఊపిరి తీసే తీరు కనిపెట్టి నేర్చుకోవాలి.

వాద్యంలోనూ రెండు రకాలున్నాయి. పొట్టిగా ఉండి హెచ్చు శ్రుతిలో పలికేది తిమిరి. పొడుగ్గా ఉండి తగ్గు శ్రుతిలో గంభీరంగా పలికేది బారి. ఈ బారి నాదస్వరాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత రాజరత్నం పిళ్ళై గారిది. ఆ వాద్యాలు కుంభకోణం దగ్గర నరసింగంపేటలో ఆచ్చా కర్రతో తయారవుతాయి. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సీవాళి అనే పీకకు కావేరి ఒడ్డున పెరిగే రెల్లు జాతి గడ్డి వాడతారు. వాద్యమూ అక్కడిదే, పీకా అక్కడిదే. రాత్రంతా దేవుని ఊరేగింపు వెంట నడుస్తూ ఒకే రాగాన్ని గంటల కొద్దీ వినే జనమూ అక్కడే ఉన్నారు. మన వైపు పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తుంటే వడ్డన ఎందాకా వచ్చిందని చూసేవాళ్ళే ఎక్కువ. ఇది నిందగా అనడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

మౌలానా గారు అప్పటికే తన ప్రాంతంలో పేరున్న విద్వాంసులు. అయినా మళ్ళీ శిష్యుడై, కుంభకోణానికి చేరువలోని నాచ్చియార్‌కోవిల్‌కు చెందిన రాజం పిళ్ళై, దురైకణ్ణు పిళ్ళై సోదరుల వద్ద తంజావూరు బాణీ అభ్యసించారు. పేరు వచ్చిన తరువాత ఇంకొకరి ఎదుట చేతులు కట్టుకొని కూర్చోవడం చిన్న విషయం కాదు. మనలో చాలామందికి ముప్పై దాటగానే నేర్చుకునే వినయం పోతుంది. వారికి పోలేదు.

నలభై ఏళ్ళ వయసులో వలస

1964లో మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. అప్పటికి వారికి నలభై ఏళ్ళు.

ఆ వయసు సంగతి ఆలోచించండి. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఊరు విడవడం వేరు, నలభై ఏళ్ళ గృహస్థుడు విడవడం వేరు. పిలిచే గుళ్ళు, పెళ్ళిళ్ళకు కబురు పెట్టే ఇళ్ళు, జమాతు, బంధువులు, పెద్దల సమాధులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. అక్కడ భాష వేరు, తిండి వేరు. నాదస్వరానికి పుట్టిల్లు వంటి ఆ సీమలో వంశపారంపర్యంగా వాయించే కుటుంబాలు లెక్కలేనన్ని. అటువంటి చోటికి ఒక తెలుగువాడు, పైగా ముస్లిము, వారి బాణీనే వారికి వినిపించడానికి వెళ్ళడమంటే కొబ్బరికాయలు మోసుకొని కోనసీమకు అమ్మబోయినట్టే.

ప్రయాణం కూడా ఇప్పటంత సులువు కాదు. కరవదిలో బండెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి, సామాను మోసుకొని ఎగ్మూరు చేరి, అక్కడ మీటరుగేజి బండి పట్టుకోవాలి. ఇంకొక సంగతి. వారు పుట్టినప్పుడు కరవదీ శ్రీరంగమూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రెండూ వేరైపోయాయి. తాతల నాడు జిల్లా మారడంగా ఉన్నది, వారి నాటికి రాష్ట్రం మారడం అయింది.

అయినా వెళ్ళారు. వారి మనసులో ఏమున్నదో ఊహించి చెప్పడం మర్యాద కాదు గాని, జీవిత క్రమం చూస్తే మనకు ఒకటి తెలుస్తుంది. వారు ఊరి మీద విసిగి వెళ్ళలేదు. ఏ పని కోసం తాను పుట్టానని నమ్మారో ఆ పని పూర్తిగా సాగే చోటు వెతుక్కుంటూ వెళ్ళారు.

శ్రీరంగంలో

శ్రీరంగం కావేరికీ కొల్లిడానికీ నడుమ ఉన్న దీవి. రంగనాథస్వామి ఆలయం ప్రాకారాల లోపలే వీధులు, ఇళ్ళు, అంగళ్ళు ఉంటాయి. అదే గుడిలో తులుక్క నాచ్చియార్ అనే పేరుతో ఒక సన్నిధి ఉంది. ఢిల్లీ సుల్తాను కూతురు ఒకామె స్వామిని వలచి అక్కడి దాకా వచ్చిందని ఐతిహ్యం. ఆమె కోసం ఇప్పటికీ రొట్టెలు నివేదన చేస్తారు. చరిత్రగా ఇది ఎంతవరకు నిలుస్తుందన్నది పక్కన పెడదాం. మన పేరు గల మనిషికి ఆ ఊళ్ళో చోటు ఉందన్న భావన అక్కడి జనం మనసులో ఏనాటి నుంచో ఉందన్న మాట.

భాష విషయానికొస్తే అక్కడొక చిత్రం ఉంది. మౌలానా గారు తెలుగు దేశం విడిచి తమిళ దేశం వెళ్ళారు, నిజమే. కాని అక్కడ వాయించిన కృతుల్లో ఎక్కువ భాగం తెలుగే. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, 1847లో కావేరి ఒడ్డున తిరువయ్యారులో పరమపదించారు. వారి కృతులన్నీ దాదాపు తెలుగులోనే. వారి ఇంటిపేరు కాకర్ల. వారి పూర్వీకులు మన ప్రకాశం సీమలోని కాకర్ల గ్రామం నుంచి వెళ్ళారని పెద్దలు చెబుతారు. అంటే మౌలానా గారు నడిచిన దారి కొత్తదేమీ కాదు. రెండు మూడు వందల ఏళ్ళ కిందట మన వాళ్ళు నడిచిన దారే.

తమిళ రసికులు వారిని ఎలా స్వీకరించారన్నది తరువాతి చరిత్రే చెబుతుంది. రాజరత్నం బాణీకి ఉన్న గొప్ప ప్రతినిధుల్లో ఒకరుగా వారిని లెక్కించారు. గుళ్ళల్లో, సభల్లో, రేడియోలో వారి వాద్యం మోగింది. శ్రీలంక, అమెరికా వంటి దేశాల్లో కచేరీలు చేశారు. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదుకు వారిని ఎంపిక చేసింది. కర్ణాటక సంగీతంలో దాన్ని మించిన గౌరవం లేదంటారు. ఆ తరువాత కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, డెబ్బై అయిదో ఏడు నిండబోతుండగా వారు కన్ను మూశారు. అప్పటికి శ్రీరంగం చేరి ముప్పై అయిదేళ్ళు.

పేరు మార్చుకోలేదు. షేక్ చినమౌలానా సాహెబ్‌గానే ఆ వేదికలు ఎక్కారు, అదే పేరుతో బిరుదులు అందుకున్నారు. సంగీతం విషయంలో, గుడిలో వాయించే విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. ఆ తీర్పు చెప్పడానికి నేను ఆలిమును కాను, ఈ వ్యాసం ఉద్దేశమూ అది కాదు. హలాలైన కష్టంతో, పనిలో నాణ్యంతో, పరుల నడుమ గౌరవంగా బతికిన మనిషిగా వారిని చూడమని మాత్రం కోరుతున్నాను.

ఊరు విడవని మరొకరు

ఇదే జాతి వాద్యం వాయించి, ఊరు విడవనని పట్టుబట్టిన మహానుభావుడు మరొకరున్నారు. ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ సాహెబ్ 1916లో బీహారులోని డుమ్రావ్‌లో పుట్టి, చిన్నతనంలోనే కాశీకి మేనమామ దగ్గరికి చేరారు. 2006లో మరణించే దాకా కాశీయే వారి ఊరు. అమెరికాలో ఉండిపొమ్మని, కాశీలో ఉన్నవన్నీ అక్కడే అమరుస్తామని కోరితే, గంగను కూడా తెస్తారా అన్నట్టు జవాబిచ్చి తిరిగి వచ్చారని అందరూ చెప్పుకుంటారు. 2001లో భారతరత్న వచ్చిన తరువాత కూడా ఆ పాత ఇంట్లోనే, ఆ పాత గల్లీలోనే ఉన్నారు.

ఈ ఇద్దరిలో ఎవరు సరి? ఒకరు పెరిగిన ఊరు విడవలేదు, ఒకరు విడిచారు. తరచి చూస్తే ఇద్దరూ చేసినది ఒకటే. బిస్మిల్లా ఖాన్ గారికి కావలసిన గురువు, గంగ ఒడ్డు, గుడి మెట్ల మీద సాధన, వినే జనం అన్నీ పెరిగిన చోటే దొరికాయి. కనుక కదలవలసిన పని లేకపోయింది. మౌలానా గారికి అవి ఆరేడు వందల కిలోమీటర్ల దూరాన దొరికాయి. కనుక కదిలారు. కాశీ ఒకరికి ఇచ్చినది కరవది మరొకరికి ఇవ్వలేకపోయింది, అంతే తేడా.

మన దీన్‌లో కూడా ఊరు విడవడం తప్పుగా లేదు. ప్రవక్త మహనీయులు (స) ప్రాణప్రదమైన మక్కాను విడిచి 622లో మదీనా వెళ్ళిన ఘట్టం నుంచే మన హిజ్రీ సంవత్సరం లెక్క మొదలవుతుంది. 630లో మక్కా చేతికి వచ్చింది. కావాలంటే అక్కడే ఉండవచ్చు. అయినా ఆదరించిన అన్సారుల ఊరికే తిరిగి వెళ్ళారు, మదీనాలోనే విశ్రాంతి పొందుతున్నారు. పుట్టిన ఊరి మీద ప్రేమ, నిలబెట్టిన ఊరి మీద కృతజ్ఞత, రెండూ ఒక గుండెలో ఇముడుతాయని దీనివల్ల మనం గ్రహించాలి.

ఊరికి మిగిలినది

మరి కరవదికి ఏం మిగిలింది? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి.

మొదటిది సంతోషకరమైనది. మౌలానా గారు శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి శిష్యులకు విద్య చెప్పారు. మన తెలుగు జిల్లాల నుంచి వెళ్ళిన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు వారి వద్ద నేర్చుకొని జంటగా పేరు తెచ్చుకున్నారు. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. మన ఆడపిల్ల ఒకామె నాదస్వరం చేతబట్టి ఆ స్థాయికి చేరడం మన కుటుంబాలన్నీ చెప్పుకోవలసిన సంగతి. మౌలానా గారి మనుమలు కాశిం, బాబు కూడా ఆ విద్యనే కొనసాగించి జంటగా కచేరీలు చేశారు. తాత తండ్రి పేరు మనుమడిలో నిలిచింది. కరవదిలో కాశిం సాహెబ్ గారు కొడుక్కి నేర్పిన ఊపిరి, కావేరి ఒడ్డున మరో కాశిం చేతిలో పలికింది. ఊరు విడిచినవాడు ఊరిని పోగొట్టుకున్నట్టు కాదని ఇందువల్ల తెలుస్తుంది.

రెండో జవాబు కొంచెం చేదు. సుభానీ దంపతులు కూడా శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. వారి పద్మశ్రీ తమిళనాడు పేరు మీద నమోదయింది. ఒక తరంలో ఒక్కరు వెళితే ప్రతిభ అనవచ్చు. తరువాతి తరమూ అదే దారిన వెళితే, ఇక్కడ ఏదో లోటు ఉందని ఒప్పుకోవాలి. మన పల్లెల్లో సన్నాయి ఊదే సాయిబులు ఇంకా ఉన్నారు. ముహూర్తాలున్న నెలల్లో నాలుగు డబ్బులు, లేని నెలల్లో కూలి. బ్యాండు మేళాలు వచ్చాక, మైకుసెట్లో పాటలు వచ్చాక ఆ నాలుగు డబ్బులూ తగ్గాయి. వారి పిల్లలు వాద్యం పక్కన పెట్టి ఆటో తోలుతున్నారంటే తప్పు వారిది కాదు.

ఇది సన్నాయి ఒక్కదాని సంగతీ కాదు. చదువు విషయంలోనూ, చేతిపని విషయంలోనూ ఇంతే. పిల్లలు ఊళ్ళో ఉండటం లేదని మనం బాధపడతాం గాని, ఉండేందుకు వారికి ఊళ్ళో ఏం ఉంచాం అని అడుక్కోము. బలవంతాన ఉంచితే మనిషి ఉంటాడు, అతనిలోని విద్య ఉండదు. కాశిం సాహెబ్ గారి ఇంటివారు కొడుకును కదలనివ్వకుండా పట్టి ఉంచితే మనకు సంగీత కళానిధి ఉండేవారు కాదు.

సంఘానికి ఒక మనవి

కనుక సభ్యులకు నా మనవి ఇది. బయటికి వెళ్ళదలచిన పిల్లలకు స్కాలర్‌షిప్పు ఇచ్చి, దువా చేసి పంపుదాం, కంటతడి పెట్టి వాళ్ళ కాళ్ళకు అడ్డం పడవద్దు. ఉండదలచినవాళ్ళకు ఉండే వీలు కల్పిద్దాం. ఈ ఏడు మన చుట్టుపక్కల సన్నాయి, డోలు వాయించే కుటుంబాలు ఎన్ని మిగిలాయో ఇంటింటికీ వెళ్ళి జాబితా రాయించి, వారి పిల్లల ఫీజులకు నిధిలో ఒక భాగం కేటాయించవలసిందని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మన ఇళ్ళ పెళ్ళిళ్ళకు, సభలకు ఒక గంటసేపు వారిని పిలిచి, మాటలు మానేసి విందాం. డబ్బు ఇవ్వడం ఒక ఎత్తు, వినడం ఒక ఎత్తు.

ఈసారి మద్రాసు బండిలో వెళ్ళేటప్పుడు ఒంగోలు రాబోయే ముందు కిటికీలోంచి చూడండి. కరవది స్టేషను బోర్డు కనబడుతుంది. చాలా బండ్లు అక్కడ ఆగవు. పక్కన కూర్చున్న పిల్లవాడికి ఆ పేరు చూపించి, ఇక్కడి నుంచి ఒక సాయిబు శ్రీరంగం దాకా వెళ్ళాడని చెప్పండి.

అల్లాహ్ చినమౌలానా సాహెబ్ గారికి మగ్‌ఫిరత్ ప్రసాదించు గాక. వెళ్ళిన మన పిల్లలకు బర్కత్తును, ఉన్నవారికి ఉపాధిని ఇచ్చు గాక. ఆమీన్.